నాన్నగారు చెప్పిన రెండో సముద్రం

గుంటూరు వాళ్ళకు కొండంటే కోటప్పకొండ, సముద్రమంటే సూర్యలంక. శివరాత్రికి ప్రభల వెంట వెళ్ళి కొండెక్కి దిగడం, కార్తీకమాసంలో బాపట్ల మీదుగా వెళ్ళి సముద్రస్నానం చేసి రావడం, నా చిన్నతనంలో మా ఇంటివాళ్ళు చేసిన ప్రయాణాల్లో సగం ఇవే. అటువంటి ఇంట్లో పుట్టిన నాకు, రైలు కొండల కడుపులోంచి కూడా వెళుతుందనీ, నీళ్ళను ఒరుసుకొని కూడా వెళుతుందనీ, మన స్టేషనులో కనిపించే ఈ పట్టాలే పట్టుకొని పడమటికి పోతూ ఉంటే చివరకు మనది కాని ఇంకొక సముద్రం వస్తుందనీ మొదట చెప్పినవారు మా నాన్నగారు. "మన సముద్రంలో పొద్దు పొడుస్తుందమ్మా, ఆ రెండో సముద్రంలో పొద్దు గుంకుతుంది" అనేవారు.

ఆయన పట్నం బజారులో ఒక మిర్చి కమీషను కొట్టులో గుమాస్తాగా పనిచేసేవారు. బస్తాలను తూకం వేయించి, వాటి మీద గుర్తులు రాయించి, రైలుకు వేయించి, రైల్వే రసీదు తెచ్చి సరుకు కొన్న షావుకారుకు పోస్టులో పంపడం ఆయన పని. ఆ రసీదులు చూసీ చూసీ గుంటూరుకు పడమటి వైపున్న స్టేషన్ల పేర్లన్నీ ఆయనకు వరుసగా నోటికొచ్చాయి. రాత్రిపూట అన్నం కలిపి మాకు ముద్దలు పెడుతూ, ముద్దకొక స్టేషను చొప్పున చెప్పుకుంటూ పోయేవారు. నరసరావుపేట, వినుకొండ, దొనకొండ, మార్కాపురం, కంభం, గిద్దలూరు, నంద్యాల, డోన్, గుంతకల్లు, బళ్ళారి, హోస్పేట, గదగ్, హుబ్లీ, లోండా, కాజిల్‌రాక్. అక్కడ మాత్రం ఒక్క క్షణం ఆగేవారు. కాజిల్‌రాక్ ఒకప్పుడు సరిహద్దు స్టేషను. 1961 డిసెంబరు దాకా గోవా పోర్చుగీసు వాళ్ళ ఏలుబడిలో ఉండేది కనుక, ఆయన కొట్టులో చేరిన కొత్తలో కాజిల్‌రాక్ అవతల ఉన్నది పరాయి దేశం. ఆ అవతలే కుళెం, చివరన మార్మగోవా రేవు.

ఆయన అక్కడ ఆగడానికి ఇంకొక కారణం కూడా ఉంది. మిరపకాయల సీజనులో హుబ్లీ వైపు నుంచి సరుకు కొనడానికి వచ్చే షావుకార్లలో ఒకాయన, కాజిల్‌రాక్ దాటగానే దూద్‌సాగర్ అని ఒక జలపాతం ఉందనీ, రైలు దాని ముందు నుంచే వెళుతుందనీ, వానాకాలంలో ఆ తుంపర కిటికీలోంచి లోపలికి కొడుతుందనీ నాన్నగారికి చెప్పాడట. దూద్‌సాగర్ అంటే పాలసముద్రం. నాన్నగారు మాకు ఆ తెలుగు పేరుతోనే చెప్పారు. పాలసముద్రం అంటే శేషుడి మీద పడుకున్న విష్ణుమూర్తి తప్ప వేరే ఏదీ ఎరగని వయసులో, ఆయన పాదాల పక్కనుంచి బొగ్గింజను కూత వేసుకుంటూ వెళ్ళడాన్ని నేను ఎన్ని రాత్రులు ఊహించుకున్నానో లెక్కలేదు. నాన్నగారు మాత్రం ఆ దారిలో గుంతకల్లు దాటి ఎన్నడూ వెళ్ళలేదు.

మేము ఏటా వెళ్ళేది నంద్యాల దాకా. మా అమ్మమ్మగారి ఊరు అది. గుంటూరు నుంచి నంద్యాల 250 కిలోమీటర్లకు పైబడిన దూరం, అంతా మీటరు గేజి, అంటే పట్టాల మధ్య ఎడం ఒక్క మీటరే, అంతా ఒంటి లైను. పాసింజరు బండి తెల్లవారుజామున ఎక్కితే నల్లమలలోకి వెళ్ళేసరికి పొద్దు వాలేది. ముందు రోజు రాత్రే అమ్మ పులిహోర కలిపి అరటాకుల్లో పొట్లాలు కట్టేది, మరచెంబులో నీళ్ళు నింపేది. బండి నల్లపాడు దాటగానే నేనూ తమ్ముడూ కిటికీ కోసం పోట్లాడుకొనేవాళ్ళం. ఫిరంగిపురం దగ్గర కొండవీటి కొండలు దూరంగా నీలంగా కనిపించేవి, నరసరావుపేట దగ్గర కోటప్పకొండ మూడు శిఖరాలు కనిపించగానే అమ్మ చెంపలు వేసుకొనేది. ఆ తరువాత వినుకొండ కొండ, ఆ తరువాత చాలాసేపు ఎర్రమట్టి, పలకరాయి, తుమ్మచెట్లు. ఆ ఎండలో పెట్టె అంతా నిద్రపోయేది.

బొగ్గింజను బండిలో కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళకు కంట్లో నలుసు పడక తప్పదు. నాకు పడని ప్రయాణం లేదు. అప్పుడు అమ్మ తన పమిట చెంగును చిన్న ఉండలా చుట్టి, దాన్ని నోటి దగ్గర పెట్టుకొని రెండు మూడుసార్లు గట్టిగా ఆవిరి పట్టి, ఆ వెచ్చటి ఉండను నా కంటి మీద అద్దేది. నలుసు పోయేదో లేదో గాని నొప్పి మాత్రం పోయేది. ఆ చెంగుకు ఉన్న గంజి వాసన, బొగ్గు పొగ వాసన, పులిహోరలోని ఇంగువ వాసన కలిసి నాకు ఇప్పటికీ ప్రయాణం అన్న మాటకు అర్థమై నిలిచాయి.

ఒంటి లైను కనుక ఎదురుబండి కోసం క్రాసింగు స్టేషన్లలో చాలాసేపు ఆగేవాళ్ళం. ఆగిన చోటల్లా నాన్నగారు మమ్మల్ని దింపి ఇంజను దాకా నడిపించుకొని వెళ్ళేవారు. స్టేషను వాళ్ళు ఒక పెద్ద వలయానికి చిన్న సంచి తగిలించి డ్రైవరుకు అందించేవారు. ఆ సంచిలో టోకెను ఉంటుందనీ, అది చేతిలో ఉన్న బండి మాత్రమే తరువాతి స్టేషను దాకా వెళ్ళవచ్చుననీ, ఆ టోకెను అక్కడ అప్పగించేదాకా ఆ లైను మీదికి ఇంకొక బండిని వదలరనీ ఆయన చెప్పారు. బండి ఆగకుండా నిదానంగా వెళ్ళే స్టేషన్లలో ఇంజను మెట్టు మీద నుంచి ఒంగి ఒక చేత్తో పాత వలయాన్ని విసిరేసి, ఇంకొక చేయి చాపి కొత్త వలయాన్ని మోచేతిలోకి దూర్చుకొనే ఆ మనిషిని చూస్తే, ఆ వయసులో నాకు ఆయన కన్నా గొప్పవాడు లోకంలో లేడనిపించేది.

కంభం దగ్గరికి వచ్చేసరికి గాలి మారేది. కంభం చెరువు పట్టాల నుంచి కనిపించేంత దగ్గరలో లేకపోయినా, గుండ్లకమ్మకు రెండు కొండల మధ్య కట్ట వేసి విజయనగర రాజుల కాలంలో ఆ చెరువు కట్టారనీ, కట్టించింది వరదరాజమ్మ అనీ నాన్నగారు ప్రతిసారీ చెప్పేవారు. ఆ గుండ్లకమ్మ పుట్టేది నల్లమలలోనే. గిద్దలూరు దాటి దిగువమెట్ట చేరేసరికి కొండలు రెండు వైపులా దగ్గరకు జరిగి, పట్టాలకు మాత్రమే దారి ఇచ్చి నిలబడినట్టు ఉండేవి. దిగువమెట్ట అన్న పేరు విన్నప్పుడల్లా, కొండకు మొదటి మెట్టు దగ్గర ఎవరో ఆలోచించి పెట్టిన పేరు అనుకొనేదాన్ని.

అక్కడ బండి చాలాసేపు ఆగేది. చెంచు ఆడవాళ్ళు మోదుగాకు దొప్పల్లో తునికి పళ్ళు పోసి అమ్మేవారు. తునికి పండు లోపల గుజ్జు పసుపుగా, కొంచెం వగరుతో కలిసిన తీపిగా ఉంటుంది, గింజలు నోట్లో జారుతూ ఉంటాయి. గుంటూరు బజారులో ఆ పండు నేను ఎన్నడూ చూడలేదు. అందువల్ల తునికి పండు తినడం నాకు అడవిలోకి ప్రవేశించడం కిందే లెక్క.

వేసవిలో నల్లమలను చూసినవాళ్ళు దాన్ని ఎండిపోయిన అడవి అంటారు. నిజమే, ఆ కాలంలో టేకు ఆకంతా రాల్చేసి అస్థిపంజరంలా నిలబడుతుంది, వెదురు గోధుమరంగుకు తిరుగుతుంది. కాని ఆ మోళ్ళ మధ్యనే ఒక్కొక్క చోట రేల చెట్టు ఆకు లేకుండా నిలువెల్లా పసుపు గుత్తులు వేలాడదీసుకొని కనిపిస్తుంది. అదే కొండ దసరా సెలవుల్లో చూస్తే పోల్చుకోలేము. పట్టాల పక్కన ప్రతి రాతి సందు నుంచీ నీరు కారుతూ ఉంటుంది, కొమ్మలు కిటికీ ఊచలను రాసుకుంటూ పోతాయి, చేయి చాపితే ఆకు దొరుకుతుంది. ఒక అడవిని రెండు కాలాల్లో ఒకే కిటికీలోంచి చూడటం వల్ల ఎంత తెలుస్తుందో, నాకు ఆ తరువాత చదివిన పుస్తకాలు అంత చెప్పలేదు.

బొగద సొరంగం రాబోతున్నదంటే పెట్టెలో ఒక్కసారిగా హడావుడి మొదలయ్యేది. "తలుపులు దించండి, తలుపులు దించండి" అని ఎవరో ఒకరు కేకవేసేవారు. దించకపోతే ఇంజను పొగంతా లోపలికి వస్తుంది. చెక్క తలుపులు వరుసగా దబదబా పడేవి. పగలు పెట్టెలో దీపాలు ఉండవు కనుక, సొరంగంలోకి వెళ్ళగానే పక్కనున్న మనిషి కూడా కనిపించనంత చీకటి, చెవులు పగిలేంత మోత. తమ్ముడు అమ్మ ఒళ్ళో దూరి ఏడ్చేవాడు. అప్పుడు నాన్నగారు ఆ చీకట్లో పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టేవారు, ఒకటి, రెండు, మూడు అని, ఏ తొందరా లేకుండా, బస్తాలు తూకం వేయించేటప్పుడు లెక్కపెట్టే గొంతుతోనే. కొంతసేపటికి తమ్ముడు ఏడుపు మాని ఆయనతో కలిసి లెక్కపెట్టేవాడు, తరువాత నేను, తరువాత ఎదురు బల్ల మీది పిల్లలు. నూరు దాటి ఇంకా ముందుకు వెళ్ళాక తలుపుల సందుల్లో సన్నని తెల్లటి గీతలు కనిపించేవి. వెలుగు వచ్చాక ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటే అందరి ముక్కుల కింద నల్లటి మసి.

సొరంగం కన్నా నాకు దొరబావి వంతెన అంటే ఎక్కువ భయం. లోయకు అడ్డంగా ఎత్తయిన స్తంభాల మీద కట్టిన వంతెన అది. 1880ల్లో ఆ దట్టమైన అడవిలో అంత ఎత్తుకు రాయినీ ఇనుమునూ ఎలా చేర్చారో తలచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యం కలుగుతుంది. బండి నడక తగ్గించుకొని వెళుతుంటే కిటికీలోంచి కిందికి చూసినప్పుడు చెట్ల మొదళ్ళు కాక తలలు కనిపించేవి. అంతకుముందు ఎన్నడూ చెట్టును పైనుంచి చూసి ఎరగను. కొంగ ఒకటి మా బండికి కిందుగా, ఆ చెట్ల తలల మీదుగా రెక్కలు చాచి వెళుతుంటే దాని వీపు చూశాను. పక్షి వీపు చూసిన ఆ మొదటిసారి నాకు తొమ్మిదేళ్ళు.

ఈ దారి ఎందుకు వేశారో చెప్పినవారు నంద్యాలలో మా తాతయ్య. 1876లో వచ్చిన ధాత కరువులో రాయలసీమలో జనం రాలిపోయారనీ, డెల్టాలో గింజలున్నా వాటిని ఇక్కడికి చేర్చే దారి లేకపోయిందనీ, ఆ తరువాతే కరువు ప్రాంతాలకు రైలు వేయాలని ప్రభుత్వం నిర్ణయించిందనీ ఆయన తన తండ్రి దగ్గర విన్న మాటలు మాకు చెప్పేవారు. పెద్దయ్యాక చదివితే ఆ మాట నిజమేనని తెలిసింది. బళ్ళారి కృష్ణా స్టేట్ రైల్వే అన్న పేరుతో, గుంతకల్లు నుంచి నల్లమలను దాటి కృష్ణ ఒడ్డుకు చేరిన ఈ మార్గం కరువు లైనుగానే మొదలైంది. మాకు విహారయాత్ర అయిన దారి, కూడు లేక చచ్చినవాళ్ళ పేరు మీద వేసిన దారి. తాతయ్య ఈ సంగతి చెప్పిన రాత్రి నాకు అన్నం మెతుకు వదిలితే భయం వేసింది.

మీటరు గేజి ఉండగానే, 1989లో, నాన్నగారు వెళ్ళిపోయారు. 1990వ దశకంలో గేజి మార్చారు. పెద్ద బండ్ల కోసం కొండల్లో కొత్త దారి వేశారు, దొరబావి వంతెననూ పాత సొరంగాన్నీ అడవికి వదిలేశారు. ఇప్పుడు అదంతా గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం. మా నాన్నగారు లెక్కపెట్టిన సొరంగంలో ఇప్పుడు గబ్బిలాలు ఉన్నాయని అటు వెళ్ళివచ్చిన వాళ్ళు చెప్పారు.

పెళ్ళయ్యాక మా వారి ఉద్యోగం వల్ల కొన్నేళ్ళు కలకత్తాలో ఉన్నాము. ఏడాదికి రెండుసార్లు బెజవాడ రావడం, పోవడం. హౌరాలో రాత్రి బయలుదేరే మద్రాసు మెయిలు ఎక్కితే మర్నాడు పొద్దున్నే చిలికా వచ్చేది. మొదటిసారి నాకు తెలియక నిద్రపోయి, చూడకుండానే దాటాను. ఆ తరువాత ఎప్పుడూ తప్పిపోలేదు. బాలుగావ్ దాటాక రంభా దాకా పట్టాలకు ఎడమ వైపు చిలికా, కుడి వైపు తూర్పు కనుమలు. కొన్ని చోట్ల రెండింటికీ మధ్య రైలుకూ రోడ్డుకూ తప్ప చోటు లేదనిపిస్తుంది. మన కొల్లేరు మంచినీటిది. చిలికా పులికాట్ లాగా సముద్రంతో కలిసి, ఉప్పునీరూ మంచినీరూ కలగలసినది. వానాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్లకు పైగా పరచుకుంటుంది. చలికాలంలో ఎక్కడెక్కడి నుంచో వలస వచ్చిన పక్షులు నీటి మీద నల్లటి చుక్కల్లా ఉంటాయి. రైలు కూతకు ఒక్కసారిగా లేచి, గాలిలో వంపు తిరిగి, తెల్లగా మారి, మళ్ళీ నల్లబడి దిగుతాయి.

అయితే చిలికాలో నా మనసుకు హత్తుకొన్నది పక్షులు కాదు. తెల్లవారే వేళ నీటికీ ఆకాశానికీ మధ్య గీత కనిపించదు, అంతా ఒకటే బూడిదరంగు. ఆ బూడిదరంగులో, దేనికీ ఆనకుండా, ఒక పడవ గాలిలో వేలాడుతున్నట్టు ఉంటుంది. పడవలో ఒక మనిషి నిలబడి వల దులుపుతూ ఉంటాడు. కొంత దూరం పోయాక సూర్యుడు పైకి వచ్చి నీటి మీద ఎర్రటి దారి పడగానే, ఆ పడవ కిందికి దిగి నీటి మీద కూర్చున్నట్టవుతుంది. "మన సముద్రంలో పొద్దు పొడుస్తుంది" అన్న నాన్నగారి మాటకు అర్థం నాకు బాపట్ల కన్నా ఆ కిటికీ దగ్గరే ఎక్కువగా తెలిసింది. బరంపురం వచ్చేసరికి ఇడ్లీ, వడ అమ్మే కుర్రవాళ్ళ నోట తెలుగు వినిపించేది, సగం ఇల్లు చేరినట్టయ్యేది.

గుంటూరుకు తిరిగి వచ్చి బడిలో పంతులమ్మగా చేరాక పిల్లలను అరకు తీసుకువెళ్ళాను. విశాఖలో పొద్దున్నే బయలుదేరే కిరండూల్ పాసింజరు శృంగవరపుకోట దాటాక కొండెక్కడం మొదలుపెడుతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు పంపడం కోసం 1960ల్లో వేసిన లైను అది. ఈ కొత్తవలస కిరండూల్ లైనులో 58 సొరంగాలున్నాయి. సిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది, ఒకప్పుడు దేశంలోని బ్రాడ్‌గేజి స్టేషన్లన్నింటిలో ఎత్తయినది అదేనని బోర్డు మీద రాసి ఉండేది. పిల్లలు ప్రతి సొరంగంలోనూ ఈలలు వేశారు. 2017 నుంచి ఆ బండికి అద్దాల కప్పున్న విస్టాడోమ్ పెట్టె తగిలిస్తున్నారు. ఒకసారి అందులోనూ వెళ్ళాను. కొండ చక్కగా కనిపించింది, కాని కొండ వాసన రాలేదు. ఊచల కిటికీలోంచి వచ్చే తడి ఆకు వాసన, రాతి చల్లదనం, మొహానికి తగిలే గాలి లేకపోతే ఆ ప్రయాణంలో సగం పోయినట్టేనని నా నమ్మకం.

1994లో అమ్మను రామేశ్వరం తీసుకువెళ్ళాను. అప్పటికి అక్కడ ఇంకా మీటరు గేజే. పాంబన్ వంతెన మీద బండి మనిషి నడకంత నిదానంగా వెళ్ళింది. 1914లో కట్టిన ఆ వంతెన రెండు కిలోమీటర్లకు కొంచెం పైన ఉండేది, పక్కన కమ్ములు లేవు, కిటికీలోంచి చూస్తే పట్టా కనిపించేది కాదు, సముద్రమే. గాలి మరీ ఎక్కువైతే బండ్లను వదిలేవారు కాదు. 1964 డిసెంబరు తుపానులో ధనుష్కోటి ఊరూ, ఆ ఊరికి వెళుతున్న బండీ, బండిలోని వారందరూ ఆ నీళ్ళలో కలిసిపోయారు. దెబ్బతిన్న వంతెనను శ్రీధరన్ అనే యువ ఇంజనీరు 46 రోజుల్లో నిలబెట్టారు. కృష్ణ దాటినా గోదావరి దాటినా తప్పకుండా చిల్లర విసిరే అమ్మ, ఇక్కడ నాణెం పిడికిట్లో బిగించి పట్టుకొని చాలాసేపు కూర్చుంది. "విసరవేమమ్మా" అంటే, "నది అయితే తల్లి. ఈయన్ని ఏమని అడగను?" అంది. ఆ నాణాన్ని మళ్ళీ కొంగున ముడివేసుకుంది. ఇప్పుడు దాని పక్కనే కొత్త వంతెన కట్టి 2025 ఏప్రిలులో ప్రారంభించారు, పడవలకు దారి ఇవ్వడానికి మధ్య భాగం నిలువుగా పైకి లేస్తుందట. చూడాలని ఉంది.

నాన్నగారి దారిలో చివరి దాకా వెళ్ళాలన్న మాట మొదట అన్నది అమ్మే. పదిహేనేళ్ళ కిందటి శ్రావణమాసం అది, అప్పటికి ఆమెకు డెబ్బై ఎనిమిది. హౌరా నుంచి వాస్కో-డ-గామా వెళ్ళే అమరావతి ఎక్స్‌ప్రెస్ చిలికాను, గోదావరిని, కృష్ణను దాటుకుంటూ వచ్చి రాత్రిపూట గుంటూరులో ఆగుతుంది. నేను చూసిన నీళ్ళన్నీ చూసివచ్చిన బండి అది. అమ్మ కింది బెర్తు, నేను ఎదురు బెర్తు. నరసరావుపేట దాటేసరికి పెట్టెలో దీపాలు ఆర్పేశారు. నల్లమల చీకట్లో వస్తుందని తెలిసి నేను మేలుకొనే ఉన్నాను. గిద్దలూరు తరువాత చక్రాల మోత మారింది, గాలి చల్లబడింది. సొరంగంలోకి వెళ్ళగానే ఆ మోత నాలుగింతలైంది. ఆ మోతలో సన్నగా ఇంకొక ధ్వని వినిపించి చెవి ఒగ్గాను. అమ్మ లెక్కపెడుతున్నది. గోడవైపు తిరిగి, దుప్పటి తల దాకా కప్పుకొని, ఒకటి, రెండు, మూడు అని ఏ తొందరా లేకుండా లెక్కపెడుతున్నది. నాన్నగారు లెక్కపెట్టిన రోజుల్లో ఆమె ఒక్కసారి కూడా గొంతు కలిపినట్టు నాకు గుర్తులేదు. నేను మేలుకొని ఉన్నట్టు తెలియనివ్వలేదు.

మర్నాడు గుంతకల్లు నుంచి ప్రతి స్టేషనులోనూ అమ్మ బోర్డు పేరు నాచేత చదివించుకుంది. బళ్ళారి అంటే తల ఊపింది. గదగ్ అంటే తల ఊపింది. లోండా దాటాక భూమి రంగే మారిపోయింది, ఎక్కడ చూసినా తడి, నాచు, మంచు. కాజిల్‌రాక్‌లో బండిని నిలిపి బ్రేకులు పరీక్షించారు. అక్కడి నుంచి కుళెం దాకా పడమటి కనుమల వాలు. ప్రతి 37 మీటర్లకూ ఒక మీటరు దిగే ఏటవాలు అది. ఎదురు దిశలో ఎక్కే బండ్లకు వెనక నుంచి అదనపు ఇంజన్లు పెట్టి నెట్టిస్తారు. మా బండి పట్టి పట్టి అడుగులు వేస్తున్నట్టు దిగింది. సొరంగం, వాన, మళ్ళీ సొరంగం. ఒక మలుపు దగ్గర మంచు కొంచెం విడిపోగానే అవతలి కొండ మీద నిలువుగా తెల్లటి గీత కనిపించింది. ఇంకొక మలుపు తిరిగేసరికి కొండ మొత్తం తెల్లగా కదులుతున్నది. 310 మీటర్ల ఎత్తు నుంచి అంచెలంచెలుగా పడుతున్న నీరు, దాని నడుముకు అడ్డంగా వంతెన, ఆ వంతెన మీద మేము. మాటలు వినిపించడం లేదు. షావుకారు నాన్నగారికి చెప్పింది అక్షరాలా నిజం, తుంపర ఊచల్లోంచి దూసుకొని వచ్చి మా మొహాలు తడిపింది. అమ్మ చేయి చాపి, అరచేతిలో పడిన నీటిని తీర్థంలా తల మీద చల్లుకొని, మిగిలిన తడిని నా నెత్తిన రాసింది. తరువాత పమిట చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. నలుసు పడిందా అని అడగబోయి ఊరుకున్నాను. బొగ్గింజన్లు పోయి ఎన్నేళ్ళయిందో.

మడగావ్ దాటి వాస్కో చేరబోతుండగా కొబ్బరిచెట్ల సందుల్లోంచి అరేబియా సముద్రం కనిపించింది. ఆకాశమంతా శ్రావణ మేఘం. సూర్యుడు ఎక్కడ దిగుతున్నాడో తెలియలేదు, నీటి మీద సీసం రంగు తప్ప ఏ రంగూ లేదు. ఆ సంగతికి నేనే ఎక్కువ బాధపడ్డాను. అమ్మ ఏమీ అనలేదు.

వాస్కో స్టేషనులో అందరూ దిగిపోయాక ఆమె ప్లాట్‌ఫారం చివరి దాకా నడిచి, ముందుకు చూస్తూ నిలబడింది. పట్టాలు అక్కడ ఆగలేదు, వానలో మెరుస్తూ ఇంకా ముందుకు వెళ్ళి వంపు తిరిగాయి. అవి ఎక్కడికని అక్కడున్న రైల్వే మనిషిని హిందీలో అడిగాను. మార్మగోవా రేవుకనీ, అటు సరుకు బండ్లు మాత్రమే వెళతాయనీ చెప్పాడు. అదే మాట అమ్మకు తెలుగులో చెప్పాను.

"మీ నాన్న చెప్పిన పేరు అదే కదే" అంది. సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకొని, "ఆటో వాణ్ణి పిలువు, ఇంకాస్త దూరం ఉందట" అంది.